పాత ఆంప్లిఫయర్, రికార్డ్ ప్లేయర్ పంపాలంటే ఏ కొరియర్‌కి ఇవ్వాలి?

"అన్నా, ఏ కొరియర్ మంచిది?" అని ఫోన్ చేసేవాళ్లకి నేను కంపెనీ పేరు చెప్పను. ఏం పంపుతున్నారు, ఎక్కడికి పంపుతున్నారు అని ఎదురు అడుగుతాను. విజయవాడ గవర్నర్‌పేటలో పాత వాల్వ్ ఆంప్లిఫయర్లు (గాజు బల్బుల్లాంటి వాల్వులతో పనిచేసేవి), రికార్డ్ ప్లేయర్లు, క్యాసెట్ డెక్‌లు బాగుచేయడం నా పని. సరుకులో సగం బయటి ఊళ్ల నుంచే వస్తుంది, బాగయ్యాక మళ్లీ అక్కడికే పోవాలి. హైదరాబాద్‌కి పెట్టెని పువ్వుల్లో పెట్టి అప్పగించిన కంపెనీయే మదనపల్లెకి పంపితే మూలలు చితక్కొట్టి ఇస్తుంది. బోర్డు ఒకటే, దారి వేరు. అందుకే నేను ముందు దారి చూస్తాను, ఆ తర్వాతే బోర్డు.

దారి అంటే ఏమిటో చెబుతాను. మీరు కౌంటర్లో ఇచ్చిన పెట్టె సాయంత్రం ఆటోలోనో చిన్న వ్యాన్‌లోనో ఊరి బయటి హబ్‌కి పోతుంది. అక్కడ దింపి, తూచి, ఊళ్లవారీగా విడదీసి, రాత్రి లారీకి ఎక్కిస్తారు. తెల్లారి అవతలి హబ్‌లో దించి మళ్లీ విడదీస్తారు, ఆ ప్రాంతపు బ్రాంచికి పంపుతారు. చిన్న ఊరైతే మధ్యలో ఇంకో హబ్ తగులుతుంది, చివర్లో ఫ్రాంచైజీవాడి చేతికి పోతుంది, అక్కడి నుంచి బండి మీద మీ ఇంటికి. ప్రతి చోటా ఒకసారి దించడం, ఒకసారి ఎక్కించడం. నేరుగా పోయే దారిలో నాలుగైదు సార్లు ఎత్తితే సరిపోతుంది, మూడు హబ్‌లు తగిలిన పెట్టెని పదిసార్లకు పైనే ఎత్తుతారు. ఎత్తిన ప్రతిసారీ జారే అవకాశం ఉంటుంది. అర్ధరాత్రి రెండింటికి లారీ ఖాళీ చేస్తున్న మనిషి మీరు అతికించిన ఎర్ర ‘ఫ్రాజైల్’ స్టిక్కర్ చదవడు. అతికించండి, నష్టం లేదు, కానీ దాని మీద భరోసా పెట్టుకోవద్దు.

ఎన్ని హబ్‌లు తగులుతాయో కౌంటర్లో అడిగితే "డైరెక్టేనండీ" అంటారు. దాన్ని నమ్మాల్సిన పని లేదు, తెలుసుకునే ఉపాయం ఒకటుంది. ఆంప్లిఫయర్ కంటే ముందు దాని కేబుళ్లు, రిమోట్, మాన్యువల్ ఒక చిన్న పెట్టెలో పెట్టి అదే బ్రాంచి నుంచి అదే అడ్రస్‌కి పంపండి. తర్వాత ట్రాకింగ్ పేజీ తెరిచి ఒక్కో స్కాన్ చదవండి. ఎన్ని ఊళ్ల పేర్లు వచ్చాయి, ఏ ఊళ్లో ఎంతసేపు పడి ఉంది, చివరి మెట్టులో వేరే కొరియర్ పేరు కానీ ఫ్రాంచైజీ కోడ్ కానీ కనిపించిందా? అన్నీ అందులోనే ఉంటాయి. ఒక హబ్ దగ్గర ‘రిసీవ్డ్’, ‘డిస్పాచ్డ్’, మళ్లీ ‘రిసీవ్డ్’ అని అదే ఊరు రెండుసార్లు కనిపిస్తే అక్కడ సార్టింగ్ సరిగా లేదని అర్థం. చిన్న పెట్టె చేరాక దాని నాలుగు మూలల ఫొటో తీసి పంపమని అవతలివాళ్లని అడగండి. కేబుళ్ల పెట్టెకే మూల నొక్కుకుపోతే ఇరవై కిలోల పెట్టె గతి ఏమిటో ఊహించుకోవచ్చు.

ఇప్పుడు సరుకు సంగతి. బరువుని బట్టి కొరియర్ మారుతుంది. ఐదారు కిలోల లోపు పెట్టెని చేతికి అందిస్తారు. నలభై కిలోలు దాటి, చెక్క క్రేట్‌లో కింద పట్టీలతో ఉన్నదాన్ని ఇద్దరు పడతారు, లేదా తోపుడు బండి మీద తోస్తారు. విసరడం ఎవరి తరమూ కాదు. ఈ రెంటి మధ్యా, ముఖ్యంగా పన్నెండు నుంచి పాతిక కిలోల దాకా ఉన్నవే ఎక్కువ దెబ్బ తింటాయి. ఒక్క మనిషి ఎత్తగలడు, మెల్లగా దించలేడు. నడుము ఎత్తు దాకా తెచ్చి వదిలేస్తాడు. మన దురదృష్టం కొద్దీ మంచి స్టీరియో ఆంప్లిఫయర్లు, డైరెక్ట్ డ్రైవ్ టర్న్‌టేబుళ్లు (మోటారే నేరుగా తిప్పే రికార్డ్ ప్లేయర్లు) ప్యాకింగ్‌తో కలిపి సరిగ్గా ఆ బరువులోనే ఉంటాయి. పాతిక కిలోల దగ్గర్లో ఉన్న వాల్వ్ ఆంప్లిఫయర్‌ని అయితే నేను అట్టపెట్టెతో ఆపను. దాని చుట్టూ చెక్క క్రేట్ కొట్టించి, బరువు ఇంకా పెంచి, లారీ ట్రాన్స్‌పోర్ట్‌కి ఇస్తాను. ఖర్చు ఎక్కువ అవుతుందని కస్టమర్లు గొణుగుతారు. ట్రాన్స్‌ఫార్మర్ మళ్లీ చుట్టించడానికి ఎంతవుతుందో చెబితే ఊరుకుంటారు.

వాల్వ్ ఆంప్లిఫయర్ ఎలా చస్తుందో చూడండి. బరువంతా ట్రాన్స్‌ఫార్మర్లలో ఉంటుంది, అవి పల్చటి రేకు చాసిస్ మీద ఒక వైపున నాలుగేసి స్క్రూలతో నిలబడి ఉంటాయి. పెట్టె కింద పడ్డప్పుడు చాసిస్ ఆగిపోతుంది, ట్రాన్స్‌ఫార్మర్ ఆగదు. స్క్రూ చుట్టూ రేకు చిరుగుతుంది, లేదా చాసిస్ మధ్యలో కుంగుతుంది. బయటి అట్టపెట్టె మీద గీత కూడా ఉండదు. ఆ అదురుని గాజు వాల్వులూ తట్టుకోవు, అందుకని వాటిని సాకెట్లలో ఉంచి ఎప్పుడూ పంపకండి. ఈఎల్34 వాల్వ్ కానీ కేటీ88 కానీ ఒక్కోటి తీసి, ఏ సాకెట్‌లోదో అట్ట డబ్బా మీద రాసి, విడిగా చిన్న పెట్టెలో పంపండి. జతగా కలిపిన వాల్వులు అటూ ఇటూ మారితే బయస్ (వాల్వులో పాట లేనప్పుడూ పారే కరెంటు మోతాదు) మళ్లీ సరిచూసుకోవాలి. ఈ చిన్న పెట్టెని మాత్రం విమానంలో పోయే ఎక్స్‌ప్రెస్ కొరియర్‌కి ఇవ్వొచ్చు, బరువు లేదు కాబట్టి కిరాయి భరించగలం. చాసిస్ లారీలో, వాల్వులు విమానంలో. రెండూ ఒకే కొరియర్‌కి ఇవ్వాలన్న పట్టుదల వద్దు.

రికార్డ్ ప్లేయర్ కథ వేరు. టెక్నిక్స్ ఎస్‌ఎల్-1200 లాంటి దాని ప్లాటర్, అంటే రికార్డు పెట్టే పళ్లెం, దాదాపు రెండు కిలోలు ఉంటుంది. దాన్ని స్పిండిల్ (నడిమి ఇరుసు) మీదే ఉంచి పంపితే దారంతా బేరింగ్‌ని దంచుతూ పోతుంది, పెట్టె తలకిందులైతే మూత పగలగొట్టుకుని బయటికొస్తుంది. తీసి, విడిగా చుట్టి, పెట్టె అడుగున పరచండి. ఆ మోడల్లో మోటారు మాగ్నెట్ ప్లాటర్ అడుగునే ఉంటుంది, ఇనప రజను పట్టకుండా ముందు పాలిథిన్ కవర్లో పెట్టండి. టోన్ ఆర్మ్ (ముల్లు మోసే చేయి) వెనకున్న బరువు కౌంటర్‌వెయిట్ విప్పేయండి, ముందు ముల్లు ఉండే హెడ్‌షెల్ విప్పేయండి, ముల్లుకి గార్డు వేసి వేరే డబ్బాలో పెట్టండి. టోన్ ఆర్మ్‌ని దాని స్టాండుకి మెత్తటి దారంతో కట్టండి. సెల్లోటేప్ వద్దు, ఎండకి జిగురు కరిగి పట్టేస్తుంది. స్ప్రింగుల మీద ఊగే పాత గారార్డ్, డ్యుయల్, థోరెన్స్ ప్లేయర్లకి ట్రాన్సిట్ స్క్రూలు ఉంటాయి, బిగించి పంపాలి. ఏ వైపు తిప్పాలో మోడల్‌ని బట్టి మారుతుంది, ఊపి చూసి కదలకపోతే బిగినట్టు. అక్రిలిక్ మూతకి బబుల్ ర్యాప్ నేరుగా చుడితే వేడికి గుండ్రటి మచ్చలు పడతాయి, లోపల మెత్తటి గుడ్డో పల్చటి ఫోమ్ షీటో ఉండాలి.

పెట్టెలో పెట్టె తప్పనిసరి. లోపలిది మిషన్‌కి పట్టినట్టు ఉండాలి, బయటిది ఐదు పొరల అట్ట, రెంటి మధ్య అన్ని వైపులా ఐదు సెంటీమీటర్లకి తక్కువ కాకుండా గట్టి ఈపీఈ (పాలిథిన్) ఫోమ్. థర్మకోల్ ముక్కలు వేయకండి. దారిలో నలిగి తెల్లటి రవ్వలు టోన్ ఆర్మ్ బేరింగులో, పొటెన్షియోమీటర్ల (వాల్యూమ్ నాబ్‌ల వెనకుండేవి) సందుల్లో దూరుతాయి, వాటిని ట్వీజర్‌తో ఏరలేక నా కళ్లు పోతాయి. స్పీకర్లయితే కోన్ ముందు అట్ట బిళ్ల కట్టండి, అంతే. పెద్ద వూఫర్ల (బేస్ స్పీకర్ల) మాగ్నెట్ సంగతి విమానంలో బుక్ చేసేటప్పుడు ముందే చెప్పాలి, బలమైన అయస్కాంతాలకి విమానంలో వేరే నిబంధనలు ఉన్నాయి. ఎందుకొచ్చింది, స్పీకర్లు రోడ్డు మీదే పంపండి.

ఎన్ని రకాల సర్వీసులున్నాయో, ఒక్కోటి దేనికి పనికొస్తుందో నా లెక్క ఇదీ. ఊరి నుంచి ఊరికి నేరుగా బస్సు ఉంటే ఆర్టీసీ కార్గో నా మొదటి ఎంపిక. విజయవాడ నుంచి విశాఖకో తిరుపతికో పోయే పెట్టె బస్టాండులో ఎక్కి బస్టాండులో దిగుతుంది, మధ్యలో విడదీసేవాడు లేడు. అవతలి మనిషే బస్టాండుకి వచ్చి తీసుకోవడం మేలు, అది కష్టమే. అయినా రమ్మనండి. నవత, వీఆర్‌ఎల్ లాంటి లారీ పార్శిల్ సర్వీసులు బరువుకి మంచివి. వాటికిచ్చేటప్పుడు డోర్ డెలివరీ తీసుకోకండి, గొడౌన్ డెలివరీ రాయించండి. చివరి ఐదారు కిలోమీటర్లు చిన్న బండిలో సిమెంటు బస్తాల పక్కన పోవడం కంటే మన మనిషి ఆటోలో ఒళ్లో పెట్టుకుని తెచ్చుకోవడం మేలు. బుకింగ్‌కి వీలైతే వీధి చివర ఏజెంటు దగ్గరికి కాకుండా ఆటోనగర్‌లోని మెయిన్ గొడౌన్‌కి నేనే తీసుకెళతాను, ఒక ఎత్తడం దించడం తగ్గుతుంది. హమాలీలకి చేతిలో యాభయ్యో వందో పెట్టి "పైన ఏదీ పెట్టకండి బాబూ" అని చెప్పేదీ అక్కడే. స్టిక్కర్ చేయలేని పని అది చేస్తుంది.

బ్లూడార్ట్, డీటీడీసీ, డెల్హివరీ లాంటి ఎక్స్‌ప్రెస్ కొరియర్లు పెద్ద నగరం నుంచి పెద్ద నగరానికి, పది కిలోల లోపు సరుకుకి బాగుంటాయి. పోస్టాఫీసుని చాలామంది మర్చిపోతారు. స్పీడ్ పోస్టులో 35 కిలోల దాకా తీసుకుంటారు కానీ నేను అంత బరువు ఇవ్వను. మారుమూల పల్లెకి కార్ట్రిడ్జో (ముల్లు బిగించి ఉండే చిన్న భాగం) వాల్వులో పంపాలంటే మాత్రం పోస్టే. చివరి మెట్టులో ఫ్రాంచైజీ చేతికి పోదు, ఆ ఊరి పోస్ట్‌మాన్‌కి ఇల్లు తెలుసు. ప్రైవేట్ ట్రావెల్స్ బస్సు డిక్కీ వేగంగానే చేరుస్తుంది, కానీ ఇచ్చే చీటీలో సరుకు పేరు కానీ విలువ కానీ సరిగ్గా ఉండదు, పైగా ఆ డిక్కీలో ప్రయాణికుల సూట్‌కేసులన్నీ మన పెట్టె మీదే. రైల్వే పార్శిల్‌లో సున్నితమైన సామాను వేయను, ప్లాట్‌ఫారం మీద పెట్టెల్ని ఎలా దొర్లిస్తారో మీరూ చూసే ఉంటారు.

డబ్బు లెక్క దగ్గర రెండు చోట్ల జాగ్రత్త. ఒకటి కిరాయి. కొరియర్లు అసలు బరువు, పెట్టె పరిమాణాన్ని బట్టి వచ్చే బరువు రెండూ చూసి ఏది ఎక్కువైతే దానికి వసూలు చేస్తారు. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగిస్తారు. 60, 50, 35 సెంటీమీటర్ల పెట్టె అయితే 21 కిలోలు. లోపల టర్న్‌టేబుల్ పదమూడే ఉన్నా 21కి కట్టాలి. కొన్ని కంపెనీలు 4500తో భాగిస్తాయి, అప్పుడు అదే పెట్టె 23 కిలోలు దాటుతుంది. ఎంతతో భాగిస్తారో ముందే అడగండి. కిరాయి తగ్గుతుందని ఫోమ్ తగ్గించి చిన్న పెట్టెలో దూర్చకండి.

రెండోది రిస్క్. ఇది చాలామందికి తెలియదు. 2007 నాటి క్యారేజ్ బై రోడ్ చట్టం కింద లారీ ట్రాన్స్‌పోర్టులు, కొరియర్ ఏజెన్సీలు కూడా వస్తాయి. సరుకు పోయినా పాడైనా మామూలుగా వాళ్లు ఇవ్వాల్సింది గరిష్ఠంగా కిరాయికి పది రెట్లు. మీరు 700 కట్టి 60,000 విలువైన ఆంప్లిఫయర్ పంపారనుకోండి, చేతికొచ్చేది 7,000 దాటదు. అంతకంటే ఎక్కువ కావాలంటే బుకింగ్ అప్పుడే విలువ రాయించి, ఎక్కువ రిస్క్ రేటు కట్టాలి. కౌంటర్ భాషలో దాన్నే ‘క్యారియర్స్ రిస్క్’ అంటారు, నష్టం వాళ్లదని. రాయించకపోతే డాకెట్ (బుకింగ్ రసీదు) మీద ‘ఓనర్స్ రిస్క్’ అని, అంటే నష్టం మనదేనని, ముద్ర పడిపోతుంది. నాకు కొరియర్ మంచి చెడ్డలు తెలిసేది ఇక్కడే. మాటలు ఇలా నడుస్తాయి.

"లోపల ఏముందండీ?"

"ఆంప్లిఫయర్. అరవై వేలు విలువ. క్యారియర్స్ రిస్క్ మీద రాయండి, ఎంతవుతుందో చెప్పండి."

"ఎలక్ట్రానిక్స్‌కి అట్లా ఎవరూ రాయించుకోరండీ. ఏం కాదు, మేం చూసుకుంటాంగా."

ఈ జవాబు వచ్చిందంటే పెట్టె ఎత్తుకుని ఇంకో చోటికి పోతాను. మంచి బ్రాంచిలో గుమస్తా రేటు కార్డు తీస్తాడు, బిల్లు అడుగుతాడు, వాడిన సామానుకి వర్తిస్తుందో లేదో పై ఆఫీసుకి ఫోన్ చేసి కనుక్కుంటాడు. విసుక్కుంటాడు కూడా. విసుక్కున్నా పర్లేదు, కాగితం మీద పడుతోందిగా. పాత సామానుకి కొన్న బిల్లు ఉండదు కాబట్టి నేను నా రిపేరు బిల్లు, మోడల్, సీరియల్ నెంబర్, విలువ రాసిన ఉత్తరం ఇస్తాను. సరుకు పేరు దగ్గర ‘వాడిన స్టీరియో ఆంప్లిఫయర్, ఒకటి’ అని స్పష్టంగా రాయించాలి, ‘గృహోపకరణాలు’ అని గుండుగుత్తగా రాస్తే క్లెయిమ్ అప్పుడు వాదన మొదలవుతుంది. విలువ 50,000 దాటితే ఈ-వే బిల్లు (సరుకు రవాణాకి జీఎస్టీ కింద తీసే పత్రం) అడుగుతారు. సొంతానికి వాడుకున్న ఇంటి సామానుకి దాన్నుంచి మినహాయింపు ఉంది, ఆ సంగతి కూడా ఉత్తరంలో రాసి పెట్టుకోండి.

క్లెయిమ్‌లో వాళ్లు ముందుగా అనే మాట "ప్యాకింగ్ చాలలేదు". ఒక పెద్ద కొరియర్ సంస్థ నా కస్టమర్‌కి అచ్చంగా ఈ ఒక్క వాక్యమే రాసి ఫైలు మూసేసింది. ట్రాన్స్‌ఫార్మర్ చాసిస్‌ని చీల్చుకుని పక్కకి ఒరిగిన ఫొటో పంపినా కదల్లేదు. ప్యాకింగ్ చేస్తున్నప్పుడు ఒక్కో పొర ఫొటో తీసి పంపాకే మళ్లీ ఫైలు తెరిచారు. అప్పటి నుంచి ఖాళీ పెట్టె దగ్గర నుంచి చివరి టేపు దాకా వీడియో తీస్తాను, తూకం మీద పెట్టిన ఫొటో కూడా. నోటీసు విషయంలో నోటి మాట, ఫోన్ కాల్ చెల్లవు. బుక్ చేసిన తేదీ నుంచి 180 రోజుల లోపు రాతపూర్వకంగా నోటీసు ఇస్తేనే తర్వాత కోర్టుకి పోయే హక్కు మిగులుతుంది. పోస్టాఫీసు ఈ క్యారేజ్ బై రోడ్ చట్టం కిందకి రాదు, అక్కడ ఇన్సూరెన్స్ విడిగా కట్టుకోవాలి.

ఏ రోజు ఇస్తున్నామన్నదీ ముఖ్యమే. సోమ, మంగళవారాల్లో ఇవ్వండి. శుక్రవారం ఇచ్చిన పెట్టె ఆదివారమంతా ఏదో హబ్‌లో అడుగున పడి ఉంటుంది, దాని మీద ఎన్ని పేరుస్తారో చెప్పలేం. దసరా, దీపావళి ముందు ఆన్‌లైన్ అమ్మకాల సరుకుతో హబ్‌లు నిండిపోతాయి. ఆ రెండు మూడు వారాలు నేను ఏదీ పంపను, అడిగినవాళ్లు ఆగాల్సిందే. వానాకాలంలో లోపలి పెట్టెని మందపాటి పాలిథిన్‌లో చుట్టి మూతికి టేపు వేయండి, తడిసిన అట్ట అప్పడంలా అయిపోతుంది.

అమెరికాలో ఉన్న పిల్లలు "నాన్న రేడియోగ్రామ్ పంపించండి అంకుల్" అని అడుగుతుంటారు, రేడియో, రికార్డ్ ప్లేయర్ కలిసి ఉండే పెద్ద పెట్టె అది. పంపొచ్చు కానీ మూడు సంగతులు. చెక్క క్రేట్ అయితే వేడితో శుద్ధి చేసినట్టు ఐఎస్‌పీఎం 15 (చెక్క ప్యాకింగ్‌కి అంతర్జాతీయ ప్రమాణం) ముద్ర ఉండాలి, లేకపోతే అవతల ఆపేస్తారు. అక్కడి కరెంటు 120 వోల్టులు, 60 హెర్ట్జ్. ఏసీ సింక్రనస్ మోటారు (కరెంటు హెర్ట్జ్‌ని బట్టి తిరిగేది) ఉన్న ప్లేయర్‌కి ట్రాన్స్‌ఫార్మర్ ఒక్కటే పెడితే సరిపోదు, అక్కడి హెర్ట్జ్ మనకంటే ఎక్కువ కాబట్టి పాట వేగంగా తిరుగుతుంది. వందేళ్లు దాటిన వస్తువు 1972 నాటి చట్టం ప్రకారం పురావస్తువు కిందికి వస్తుంది, దేశం దాటించడానికి వీల్లేదు. పాత బూర గ్రామఫోన్లు కొన్ని ఇప్పుడు ఆ వయసుకి వచ్చేశాయి. కస్టమ్స్‌లో అడిగితే చూపించడానికి అది పురావస్తువు కాదన్న ధ్రువపత్రం ముందే తీసుకోవాలి.

ఇక తీసుకునేవాళ్లకి. పెట్టె రాగానే సంతకం చేయకండి. ముందు ఆరు వైపులా చూడండి, మూల నొక్కుకుని ఉన్నా, టేపు మీద టేపు వేసి ఉన్నా డెలివరీ కాగితం మీదే ‘పెట్టె దెబ్బతిన్నది, లోపల చూడలేదు’ అని రాసి అప్పుడు సంతకం పెట్టండి. కుర్రాడు తొందర పెడతాడు, ఓటీపీ చెప్పమంటాడు. బయటి ఫొటోలు తీసేదాకా ఓటీపీ చెప్పకండి. విప్పుతున్నప్పుడు ఆపకుండా వీడియో తీయండి. ఆంప్లిఫయర్‌ని మెల్లగా ఒక పక్కకి వంచి చెవి పెట్టి వినండి, లోపల ఏదైనా గలగలమంటే ప్లగ్ పెట్టొద్దు, నాకో దగ్గర్లోని మెకానిక్‌కో ఫోన్ చేయండి. శబ్దం లేకపోతే వాల్వులు డబ్బాల మీద నెంబర్ల ప్రకారం పెట్టి, స్పీకర్లు కలిపాకే ఆన్ చేయండి. స్పీకర్ లేకుండా వాల్వ్ ఆంప్లిఫయర్ వేస్తే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ పోవచ్చు, కొరియర్‌వాడు క్షేమంగా తెచ్చినదాన్ని మనమే కాల్చుకున్నట్టవుతుంది. అట్టపెట్టెలు, ఫోమ్ మాత్రం పారేయకండి. క్లెయిమ్ వస్తే సర్వేయర్ (నష్టం అంచనా వేసేవాడు) ముందుగా అడిగేవి అవే.